మారా అన్న మాట

ఆ మధ్యాహ్నం డిటెక్టివ్‌కి కావలసిందల్లా ఒక కుర్చీ. పొద్దున్నుంచీ ఆస్పత్రి మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్ళు రెండూ సమ్మె కట్టాయి. పేర్ల మాస్టారి గదిలో కుర్చీలకేం కొదవ లేదు గానీ, అన్నిటి మీదా పుస్తకాలే కూచుని ఉన్నాయి. వాటిని లేపే ఓపిక లేక కిటికీ గూటికి ఆనుకుని నిలబడి, నోటికి చెయ్యయినా అడ్డం పెట్టుకోకుండా ఆవులించాడు. పోలీసు శాఖలో ఉన్నప్పుడే అతనికి ఆవులింత అని పేరు పడింది. ఉద్యోగం వదిలి చాలా ఏళ్ళయింది గానీ ఆ పేరు మాత్రం అతన్ని వదల్లేదు.

పేర్ల మాస్టారంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. బైబిలు కళాశాలలో హీబ్రూ చెప్పి రిటైరయ్యారు. లేఖనాల్లో ఉన్న మనుషుల పేర్లకి అర్థాలు తవ్వి తియ్యడమే ఆయనకి పనీ, వ్యసనమూ, కాలక్షేపమూ. సంఘంలో ఎవరికి బిడ్డ పుట్టినా చంకనేసుకుని ఆయన గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. అలాంటి మనిషి నిన్న మధ్యాహ్నం ఇదే గదిలో విషం కడుపులోకి పోయి పడిపోయారు. ఇప్పుడు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నారు. పెట్టింది పెంపుడు కూతురేనని ఇన్‌స్పెక్టరు తేల్చేశాడు. ఆడ కానిస్టేబుల్‌ని ఎక్కించుకుని జీపు రావడమే తరువాయి.

అంత గట్టిగా తేల్చడానికి అతని చేతిలో ఉన్నది ఒకే ఒక్క మాట.

"మళ్ళీ ఒకసారి చెప్పండి," అన్నాడు డిటెక్టివ్.

మాస్టారి తమ్ముడు నిట్టూర్చాడు. ఆయన సంఘపెద్ద. మడత నలగని తెల్లచొక్కా, నెమ్మదైన మాట, సగం మూసిన కళ్ళు. ఎప్పుడు చూసినా ఇప్పుడే ప్రార్థన ముగించి లేచినట్టుండే మొహం.

"ఎన్నిసార్లని చెప్పను నాయనా! పెరట్లో పేపరు చదువుకుంటున్నా. దబ్బుమని చప్పుడైంది. పరిగెత్తుకొచ్చి చూస్తే అన్నయ్య ఇదిగో, ఈ బల్ల పక్కన పడున్నాడు. ఒళ్ళంతా కొయ్యబారిపోయింది. నన్ను చూసి 'మారా' అన్నాడు. ఇంకోసారి 'మారా' అన్నాడు. అంతే, ఇంక మాట లేదు."

"చప్పుడు కాకముందు గదిలోకి రాలేదు కదా?"

"అన్నయ్య కునుకు తీసి లేచే వేళకి నేను ఈ ఛాయలకే రాను. ఎవర్నయినా అడగండి."

"మాట స్పష్టంగా వినపడిందా?"

"గంట కొట్టినట్టు వినపడింది. మారా ఎవరో మీకు వేరే చెప్పాలా?"

గెడ్డంతో గుమ్మం వైపు చూపించాడు. గుమ్మంలో తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది పెంపుడు కూతురు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పిల్ల. వేళ్ళకి ఎర్ర సిరా, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. తెల్లారకుండానే డిటెక్టివ్ తలుపు కొట్టి తీసుకొచ్చింది ఆమే. కాదనడానికి కూడా ఓపిక కావాలి, ఆ పూట అది లేక అతను బయల్దేరాడు.

"ఇంక నేను ఆస్పత్రికి వెళ్ళొస్తాను," అన్నాడు సంఘపెద్ద. "అన్నయ్యకి నేను తప్ప ఎవరున్నారు?"

ఆ మాటకి అమ్మాయి తల దించుకుంది. సంఘపెద్ద చంకలో బైబిలు పెట్టుకుని, చేతిలో ఫ్లాస్కు పట్టుకుని ఆమె పక్కనించి ఒత్తిగిలి వెళ్ళాడు. ఫ్లాస్కు చూడగానే డిటెక్టివ్‌కి నాలిక పీకింది. లోపల కాఫీయే అయుంటుంది, ఒక్క గుక్క అడిగితే పోలా అనుకున్నాడు గానీ మొహం చెల్లలేదు.

"అయిందా గురువుగారూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు డిటెక్టివ్ చేతికింద పని నేర్చుకున్నవాడు. అందుకే గురువుగారూ అన్నప్పుడల్లా ఆ మాటలో కాస్త కారం తగుల్తుంది. "రోజూ మధ్యాహ్నం ఈయన తేనె నీళ్ళు తాగుతాడు. కలిపేది ఈ పిల్ల. నిన్నా ఈ పిల్లే కలిపింది. ఈ పిల్ల పేరు మారా. పడిపోయినవాడు మారా అన్నాడు. పోయేముందు మనిషి అబద్ధం ఆడతాడా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే."

"ఆయన ఇంకా పోలేదు," అన్నాడు డిటెక్టివ్.

"నోటి మాట అన్నాను లెండి."

"నా పేరు మారా కాదు," అంది అమ్మాయి.

అంతసేపట్లో ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"రికార్డుల్లో అదే ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పాత రికార్డుల్లో ఉంది. మా అమ్మ పెట్టింది. నన్ను కని, వారం తిరక్కుండా పోయిందట. మారా అంటే చేదు. బతుకంతా చేదైపోయిందని, బైబిల్లో నయోమి అనే ఆవిడ తనకి తనే పెట్టుకున్న పేరు అది. నాకు పదేళ్ళప్పుడు నాన్న దాన్ని తిరగేశారు. బాప్తిస్మం రోజున సంఘం అందరి ముందూ నిలబెట్టి, ఇవాళ్టినుంచి దీని పేరు నయోమి, అంటే మధురం, ఆ పాత పేరు మళ్ళీ ఎవరి నోటా రాకూడదన్నారు. ఆయన నోట మళ్ళీ రాలేదు. కోపం వచ్చినప్పుడు కూడా రాలేదు." ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "మీరు జైల్లో పెడితే పెట్టండి సార్. కానీ నిన్న నాన్న నిజంగా నన్ను ఆ పేరు పెట్టి పిలిచారా? అది చెప్పండి ముందు."

డిటెక్టివ్ ఒక కుర్చీ మీది పుస్తకాలని ఎట్టకేలకి కింద పెట్టాడు. తను కూచోకుండా దాన్ని ఆ పిల్ల వైపు జరిపాడు.

"లేయాలు కూచోవాలి గానీ నిలబడకూడదు," అంది ఆమె, కూచోకుండానే. "పోయిన నెల మా వీధి దొంగతనం కేసుకి మీరు వచ్చినప్పుడు నాన్న మీకు ఆ పేరు పెట్టారు. లేయా అంటే అలిసిపోయినది."

"ఆడపేరులా ఉందే!"

"ఆడపేరే. నాన్నకి అవేం పట్టవు. ఇంట్లో తేనె సీసా పేరు దెబోరా, తేనెటీగ అని. సంఘం మైకు గొడవప్పుడు వచ్చిన ఈ ఇన్‌స్పెక్టరు గారిని నాబాలు అనేవారు."

ఇన్‌స్పెక్టరు మొహం కాస్త విప్పారింది. "నాబాలంటే?"

"తరవాత చెప్తుందిలే," అన్నాడు డిటెక్టివ్. అర్థం తెలియకపోయినా ఆ పిల్ల చూపు పక్కకి తిప్పుకోవడం చూసి, అది ఏ బుద్ధిహీనుడి పేరో అయుంటుందని గ్రహించాడు.

"సరే, కొత్త పేరు పెట్టాక పాతది అనరు అంటోంది కదా," అన్నాడు ఇన్‌స్పెక్టరు, బల్లమీద వేళ్ళతో తాళం వేస్తూ. "మా ఆవిడ రోజూ బైబిలు పైకి చదువుతుంది, నాకూ చెవిలో పడుతుంది. అబ్రాముని అబ్రాహాము చేశాక ఆ కథలో మళ్ళీ అబ్రాము అని పిలవరు, ఒప్పుకుంటా. మరి యాకోబు సంగతేంటి? ఇశ్రాయేలు అని కొత్త పేరు వచ్చాక కూడా యాకోబూ యాకోబూ అంటూనే ఉంటారు. అంటే కొన్ని పాత పేర్లు పోవు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషికి మొదటి పేరే నోట్లోకి వస్తుంది. ఏమంటారు?"

నాబాలంటే ఏదయినా కానీ, ఆ మాటలో పస ఉంది. పేర్ల వాదనతో ఈ పిల్లని బయటపడెయ్యడం అయ్యే పని కాదు.

"నిన్న ఏం చేశావో వరసగా చెప్పమ్మా," అన్నాడు.

"అన్నం తిని నాన్న పడుకున్నారు. తేనె నీళ్ళు కలిపి, గ్లాసు మీద మూత పెట్టి, మీరు ఆనుకున్నారే, ఆ కిటికీ గూట్లో పెట్టి ప్రెస్సుకి వెళ్ళాను. లేచాక తాగుతారు. కబురు తెలిసి వచ్చేసరికి అంబులెన్సు కదులుతోంది."

"గ్లాసు ఎక్కడుంది?"

"వంటింట్లో. కడిగి బోర్లించి ఉంది."

"ఎవరు కడిగారు?"

ఆమె బుర్ర గోక్కుంది. "నాన్న తాగిన గ్లాసు గూట్లోనే వదిలేస్తారు. చిన్నాన్నయితే తిన్న కంచం కూడా తియ్యరు. ఈ ఇంట్లో మగాళ్ళు గ్లాసు కడగడం నేను పుట్టాక చూడలేదు."

"కడిగితే కడుగుతారు, అదో పెద్ద నేరమా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కోడిగుడ్డుకి ఈకలు పీకుతున్నారు గురువుగారూ. జీపు వచ్చేలోపు పీకుకోండి."

డిటెక్టివ్ గూటి వైపు తిరిగాడు. గ్లాసు పెట్టిన చోట చెక్కమీద జిగటగా ఒక గుండ్రటి మచ్చ. పక్కన మట్టికుండీలో ఏదో ఆకుల మొక్క. గూటి అంచున, గోడ పగులులోంచి చీమల బారు ఒకటి వస్తోంది. తేనె ఉన్నచోటికి చీమ రాక మానదు కదా. కానీ ఈ బారు మచ్చదాకా వచ్చి ఆగిపోయింది. మచ్చ చుట్టూ చచ్చిన చీమలు. కుండీ అంచుమీదా అవే. కుండీలో మట్టి పైన అయితే ఆవాలు ఒలకబోసినట్టున్నాయి.

మోకాళ్ళ సంగతి మరిచిపోయి వంగాడు. తరవాత చాలాసేపు లేవలేకపోయాడు, అది వేరే విషయం.

"అమ్మాయ్, ఈ కుండీకి నీళ్ళు ఎవరు పోస్తారు?"

"నేనే, పొద్దున పూట." ఆమె దగ్గరికి వచ్చి చూసింది. "నాన్న కూడా పోస్తారనుకోండి. తాగేది నచ్చకపోతే నాకు తెలియకుండా ఇందులో ఒంపేస్తారు. నాకు తెలియదనుకుంటారు."

"నిన్న కూడా నచ్చలేదు. సగం తాగి సగం ఒంపేశారు. ఆ సగమే ఆయన్ని బతికించింది." డిటెక్టివ్ గూడు పట్టుకుని మెల్లగా లేచాడు. "రుచి నచ్చకపోతే మీ నాన్న ఏమంటారమ్మా? నోటితో?"

అమ్మాయి ఏదో చెప్పబోయి ఆగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"కాకరకాయ రసం ఇస్తే..." అంది చివరికి. "డాక్టరు మందు ఇస్తే... ఎడారిలో జనం తాగలేకపోయిన చేదునీళ్ళ ఊటకి కూడా అదే పేరు... అయ్యో, నాకు ఎందుకు తట్టలేదు! మారా అంటారు. రెండుసార్లు అంటారు. మారా, మారా అని మొహం అదోలా పెట్టి..."

ఆపైన ఆమె ఏడుపు ఆపుకోలేదు. అందులో కొంత నవ్వు కూడా ఉంది. నాన్న తనని పిలవలేదు. నీళ్ళని తిట్టారు.

ఇన్‌స్పెక్టరు బల్లమీద తాళం ఆపాడు. "బాగుంది. చేదుగా ఉందన్నాడు. అయితే ఏమైంది? కలిపింది ఈ పిల్లే కదా!"

"ఎప్పుడన్నాడు?" అన్నాడు డిటెక్టివ్.

"పడిపోయాక. సంఘపెద్ద గారు చెప్పారుగా."

"పొద్దున నువ్వు డాక్టరు దగ్గర కూచుని కాఫీ తాగుతుంటే నేను ఆయన చెప్పింది విన్నాను. ఈ విషం ముందు పట్టుకునేది దవడలని. అవి బిగుసుకున్నాక ఒళ్ళు బిగుస్తుంది, ఆ తరవాతే మనిషి పడతాడు. అంబులెన్సులో మాస్టారి పళ్ళు విడదియ్యడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చిందట. నేలమీద పడి ఉన్నవాడు గంట కొట్టినట్టు రెండుసార్లు ఎలా మాట్లాడతాడు?"

"అయితే తమ్ముడు కల్పించాడంటారా?"

"కల్పిస్తే బాగుండును. కల్పించలేదు. ఆ మాట మాస్టారు అన్నారు, కుండీ చెప్తోంది. కాకపోతే పడిపోయాక కాదు, మొదటి గుక్క నోట్లో పోసుకున్నాక. పెరట్లో పేపరు చదువుకునేవాడికి గదిలో గుక్కకి, గుక్కకి మధ్య అన్న మాట ఎలా వినపడింది? ఇక్కడే ఉన్నాడు. ఆయన తాగుతుంటే చూస్తూ నిలబడ్డాడు. విషం తలకెక్కేదాకా, అన్నగారు బల్ల పట్టుకుని జారిపోయేదాకా, అరవకుండా ఇక్కడే నిలబడ్డాడు. తరవాత గ్లాసు కడిగాడు. ఆ తరవాత అరిచాడు."

ఇన్‌స్పెక్టరు మొహంలో రంగు మారింది. అయినా ఒక్కసారిగా దిగివచ్చే రకం కాదు. "అంత తెలివైనవాడు ఆ మాట నాకెందుకు చెప్తాడు? నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా!"

"అతని చెవికి అది చేదని వినపళ్ళేదు. ఈ పిల్ల పేరని వినపడింది. అన్నగారు పాత పేరు పదిహేనేళ్ళ కిందటే పారేశారు. తమ్ముడు పారెయ్యలేదు. అవునా అమ్మా?"

"చిన్నాన్న నన్ను ఇప్పటికీ చాటున మారా అనే అంటారు," అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. "వాళ్ళావిడతో అంటుంటే చాలాసార్లు విన్నాను."

"అదీ సంగతి. నేరం మోపడానికి మంచి మాట దొరికిందని తెచ్చి నీ చేతిలో పెట్టాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడ్డం అంటే ఇదే."

"కారణం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ ఒక్క ముక్కలో కారం లేదు.

డిటెక్టివ్ అమ్మాయి వైపు చూశాడు. ఈ భాగం అతనికి అసలు ఇష్టం లేదు. ముప్పయ్యేళ్ళుగా ఎవరో ఒకరి ఇంట్లో నిలబడి, వాళ్ళకి వినడం ఇష్టం లేని మాట చెప్పి, వాళ్ళు కూలబడితే మంచినీళ్ళు అందించి, మెట్లు దిగడమే పని. విసుగొచ్చేసింది.

"ఈ మధ్య మీ నాన్న కొత్తగా ఏమైనా అన్నారా? నీ గురించి?"

"వచ్చే ఆదివారం సంఘంలో ఒక సంగతి చెప్తానన్నారు. నీ పేరులో రెండో సగం దొరికింది అన్నారు. హీబ్రూ వాళ్ళ పేర్లకి రెండో సగం ఉంటుంది. బెన్ అంటే కొడుకు, బత్ అంటే కూతురు. ఫలానావాడి కొడుకు, ఫలానావాడి కూతురు అని తండ్రి పేరుతో కలిపి చెప్తారు." ఆమె తలెత్తింది. "మా అమ్మని మోసం చేసిందెవరో నాన్నకి తెలిసిందనుకున్నాను. నాకు చెప్పమంటే, ముందు ఒకరితో మాట్లాడాలి, ఒప్పుకోవడానికి ఆయనకో అవకాశం ఇవ్వాలి అన్నారు."

"ఎవరితో మాట్లాడారు?"

"నిన్న పొద్దున చిన్నాన్నతో తలుపేసుకుని మాట్లాడారు. ఏదో సలహాకి అనుకున్నాను. బయటికొచ్చి చిన్నాన్న నా తలమీద చెయ్యి పెట్టారు. ఎన్నడూ నన్ను కన్నెత్తి చూడని మనిషి, దేవుడు నిన్ను చల్లగా చూడాలి అన్నారు. నాకెంత సంతోషం వేసిందో..."

ఆ మాట సగంలో తెగిపోయింది. ఆమె తన తలమీద, ఆ చెయ్యి పెట్టిన చోట, మెల్లగా తడుముకుంది. చెప్పాల్సిన అవసరం డిటెక్టివ్‌కి లేకపోయింది.

"ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు," అని గొణిగాడు ఇన్‌స్పెక్టరు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "కన్నకూతురి మీదికే..."

"ఆస్పత్రిలో కాపలా పెట్టావా?" అన్నాడు డిటెక్టివ్.

"పెట్టకేం! గుమ్మంలోనే కానిస్టేబుల్ ఉన్నాడు. ఈ పిల్లని చచ్చినా లోపలికి రానివ్వద్దని గట్టిగా..." ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చంకలో బైబిలు. చేతిలో ఫ్లాస్కు. తను అడగబోయిన ఆ గుక్క డిటెక్టివ్‌కి గుర్తొచ్చింది. అప్పటికే ఇన్‌స్పెక్టరు ఫోన్ తీసి వార్డుకి కలిపాడు. అవతల మోగుతోంది. ఎవరూ ఎత్తరు. మళ్ళీ మోగుతోంది. అందరికీ వినపడేలా స్పీకరు నొక్కి బల్లమీద పెట్టాడు.

"హలో, వార్డు," అంది ఒక ఆడగొంతు.

"పేర్ల మాస్టారు ఎలా ఉన్నారు?"

"మంచి కబురండీ! ఇందాకే కళ్ళు తెరిచారు. మనుషుల్ని గుర్తుపడుతున్నారు. దవడలు కూడా వదులయ్యాయి. ఏదో చెప్పాలని తెగ ఆత్రపడుతున్నారు గానీ, వాళ్ళ తమ్ముడు గారు వద్దు వద్దు, ముందు గొంతు తడుపుకో అంటున్నారు. పాపం ఎంత ప్రేమో! ఇంటినించి ఏదో వేడిగా తెచ్చి చెంచాతో పడుతున్నారు..."

"ఆపండి! ఆ చెంచా లాక్కోండి!" అని అరిచాడు డిటెక్టివ్. ముప్పయ్యేళ్ళలో అతను అరవడం ఇన్‌స్పెక్టరు వినలేదు.

"ఆఁ? ఏంటండీ? సరిగ్గా వినపట్లేదు..."

అప్పుడు ఆవిడ వెనకనించి, ఇనప మంచం కిర్రుమన్న చప్పుడులోంచి, ముసలి గొంతు ఒకటి బొంగురుగా పలికింది.

"మారా," అంది. గుటక పడిన చప్పుడు. "మారా."

ఇన్‌స్పెక్టరు మెట్లమీద పరిగెడుతున్నాడు. డిటెక్టివ్ ఫోన్ అందుకోబోయాడు గానీ అతని కన్నా ముందు ఆ పిల్ల చెయ్యి దానిమీద పడింది. సిరా అంటిన వేళ్ళతో దాన్ని నోటికి ఆనించుకుని, పొలికేక పెట్టింది.

"నాన్నా, నేను నయోమీని! మింగకు నాన్నా! ఉమ్మెయ్!"